కార్డు వెనక తల్లిగారి ఊరు

1969వ సంవత్సరం జూలై నెల పద్నాలుగవ తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు శ్రీమతి మగ్దలేనమ్మగారు మంచిర్యాలలోని మా గోదావరి క్షయ చికిత్సాలయంలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. నిమిషాలతో సహా రాయడానికి కారణం ఉంది. హాజరు పట్టీ నా అధీనంలో ఉండేది. పదిన్నర దాటి వచ్చినందుకు మొదటి రోజే ఆమె పేరు ఎదుట ఎర్ర సిరాతో గీత పెట్టినవాణ్ణి నేనే. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతూ బస్సులు నిలిచిపోయిన ఆ రోజుల్లో, లక్సెట్టిపేట నుంచి వెదురుబొంగుల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని ఆమె వచ్చారని ఆ తర్వాత తెలిసింది. తెలిసిన తర్వాత కూడా గీత కొట్టివేయలేదు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగంలో చేరి ఏడాదే అయినా, నియమాల మీద నా భక్తి మాత్రం పండిపోయి ఉండేది.

నేడు, 1997 జూన్ ముప్పయ్యవ తేదీన, అదీ సోమవారమే, రెండు వారాలు తక్కువగా ఇరవై ఎనిమిదేళ్ళ సేవను పూర్తిచేసి ఆమె పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికకు అభినందన వ్యాసం రాయమని సహోద్యోగులు కోరినప్పుడు, గణాంక సహాయకుడనైన నాకు ఆ అర్హత ఉన్నదా అని నాలుగు రోజులు ఆలోచించాను. అర్హత లేదు. అయినా చెప్పవలసిన సంగతి ఎంత గొప్పదంటే, అది నా చేతి మీదుగానే రావాలన్న ఆత్రుత సంకోచాన్ని జయించింది. చదువరులు నా ఉద్వేగాన్ని మన్నించాలి.

లక్సెట్టిపేట పరిసరాల మెథడిస్టు సంఘంలో పెద్దగా వ్యవహరించిన కీర్తిశేషులు యెషయాగారి రెండవ కుమార్తె మగ్దలేనమ్మగారు. తండ్రి ఒకరి పొలంలో కూలి చేస్తూనే బిడ్డను మిషన్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు పంపారు. ఆమె వచ్చేనాటికి మా చికిత్సాలయానికి బొగ్గుబావుల నుంచి, చెన్నూరు వైపు పల్లెల నుంచి, ఆదిలాబాద్ పత్తి జిన్నింగు మిల్లుల నుంచి రోగులు వస్తుండేవారు. క్షయకు ఆనాటి ప్రధాన ఔషధం స్ట్రెప్టోమైసిన్ సూది. రెండు నెలలపాటు ప్రతిరోజూ వేయించుకోవలసిందే. ఉదయం ఎనిమిది గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆమె తొంభై మందికి సూదులు వేసేవారు. మరాఠీ మాత్రమే వచ్చిన మిల్లు కూలీలతో మరాఠీలో, గోండు తల్లులతో ఆమెకు వచ్చిన నాలుగు గోండీ మాటల్లో పలకరించేవారు. పక్క గదిలో వేరే నర్సు ఖాళీగా ఉన్నా, రోగులు ఈమె గది ముందే బారులు తీరేవారు.

అటువంటి చేతి మీద 1971వ సంవత్సరంలో ఒక మచ్చ పడింది.

మంచిర్యాల రైల్వే స్టేషనులో పాయింట్స్‌మన్‌గా పనిచేస్తున్న హనుమండ్లు అనే యువకునికి ఆ ఏడాది క్షయ సోకింది. రైళ్ళను ఒక పట్టా మీది నుంచి మరొక పట్టా మీదికి మళ్ళించే ఉద్యోగం అది. కూత, గంట, కేక, ఏదీ వినబడకపోతే ప్రాణాలు పోతాయి. బరువును బట్టి అతనికి రోజుకు ముప్పావు గ్రాము చొప్పున సూది రాశారు. పద్దెనిమిదవ సూది నాటి ఉదయం మగ్దలేనమ్మగారు మూడుసార్లు పేరు పిలిచినా అతడు తల తిప్పలేదు. భుజం తడితే ఇటు చూసి, తన గొంతు తనకే వినబడనివాడిలా పెద్దగా అన్నాడు.

"చెవులల్ల రైలు కూత అసొంటి సప్పుడైతుంది సిస్టరమ్మా. నీ మాట ఇనవడుత లేదు."

సూది ఆపేశారు. నెల తిరిగేసరికి ఆ హోరు కూడా పోయింది. చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. క్షయ తర్వాత వేరే మందులతో నయమైంది. ఉద్యోగం మాత్రం నిలవలేదు. రైల్వేవారు దయతలచి అతణ్ణి స్టేషను తోటకు నీళ్ళు పోసే పనికి మార్చారు.

విచారణ జరిగింది. అప్పటి పర్యవేక్షక వైద్యులు కుర్చీలో కూర్చున్నారు, నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. ఎంత మోతాదు ఇచ్చావని అడిగినప్పుడు, మగ్దలేనమ్మగారు తడుముకోకుండా, "ముప్పావు గ్రామే ఇచ్చిన సార్," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఇచ్చిన అనే అనుకుంటున్న," అని కూడా అన్నారు. దినానికి తొంభై సూదులు వేసే మనిషి పద్దెనిమిది రోజుల నాటి ప్రతి సూదినీ ప్రమాణం చేసి చెప్పలేదు గదా. అబద్ధం చెప్పడం చేతకాక ఆడిన ఆ రెండవ మాటే ఆమెకు ఎదురు సాక్ష్యమైంది. బయట వరండాలో హనుమండ్లు తల్లి లచ్చవ్వ కనబడినవాళ్ళందరితో ఒకే మాట చెబుతూ కూర్చుంది. "గీ సూది మా తల్లిగారింటికి పడదయ్యా. మా తమ్మునికి గూడ గిట్లనే అయింది. మా పెద్దవ్వ కొడుక్కు గూడ సూదులేస్తే చెవులు పోయినయి." ఆ మాట నేను విన్నాను, కాని రాయలేదు. విచారణ పత్రంలో ముసలమ్మల మాటలకు స్థలం లేదని నా అభిప్రాయం.

"మోతాదు విషయమున అజాగ్రత్త జరిగియుండవచ్చును. హెచ్చరించడమైనది." సర్వీసు పుస్తకంలో ఈ రెండు వాక్యాలు ఎర్ర సిరాతో నా దస్తూరీలో ఉన్నాయి. కింద చదివి సంతకం చేసినట్టు మగ్దలేనమ్మగారి సంతకం. ఆ రెండు వాక్యాల కారణంగా 1976లో ఒకసారి, 1982లో ఒకసారి హెడ్ నర్సు పదవి ఆమె ముందు నుంచి వెళ్ళిపోయింది. ఆమె పదవుల కోసం బాధపడిన మనిషి కాదు. ఆమెను తొలిచిన ప్రశ్న వేరు: నా చెయ్యి తప్పిందా, తప్పలేదా?

ఆ తర్వాత ఆమె పనిలో రెండు కొత్త అలవాట్లు వచ్చి చేరాయి. ఒకటి, సూది వేసే ముందు సీసా మీది పేరు, సిరంజిలోని మోతాదు బిగ్గరగా చదివి, రోగి చేత తిరిగి చెప్పించడం. తొంభై మందికీ అదే తంతు. మేము దాన్ని సిస్టరమ్మ జపం అని ఎగతాళి చేసేవాళ్ళం. రెండవది, కొత్త రోగి రాగానే, "మీ అవ్వ పేరేంది? మీ అవ్వ తల్లిగారి ఊరేది?" అని అడిగి తల్లి పేరు, ఆమె పుట్టింటి ఊరు చికిత్స కార్డు వెనకవైపు పెన్సిలుతో రాసుకోవడం. లచ్చవ్వ వరండాలో అన్న మాటను మా అందరిలో ఆమె ఒక్కరే చెవిన వేసుకున్నారు.

నాకు ఇది మహా అపరాధంగా తోచింది. కార్డు ముందువైపు నేను స్వయంగా రూపొందించి అచ్చు వేయించిన గడులు ఉన్నాయి: పేరు, ఇంటిపేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు. వెనకవైపు తెల్లగా ఉండాలి. ఒకనాడు నేను కార్డు పట్టుకుని ఆమె గదికి వెళ్ళి, ఈ పిచ్చిరాతలు ఎందుకని నిలదీశాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"మీ అమ్మమ్మ తల్లిగారి ఊరేది సారూ?" అని అడిగారు.

తండ్రి వైపు ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పగల నాకు ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. జవాబు రానందుకు మరింత కోపం వచ్చి, ఇకపై కార్డుల మీద అనవసరపు రాతలు రాయరాదని మర్నాడే ఒక ఉత్తరువు టైపు చేసి పర్యవేక్షకుల చేత సంతకం చేయించాను. ఆమె దాన్ని గౌరవంగా అందుకుని, పెన్సిలు మరింత చిన్న అక్షరాలతో నడిపించారు.

1983 నాటికి మా చికిత్సాలయంలో సూదుల వల్ల వినికిడి పూర్తిగా పోయినవారు తొమ్మిది మంది తేలారు. వేల మందిలో తొమ్మిది మంది. వీరి మధ్య ఏదైనా బంధుత్వం ఉన్నదేమో చూడమని కొత్త పర్యవేక్షకులు నన్ను ఆదేశించారు. నేను పది రోజులు శ్రమించి అద్భుతమైన పట్టిక తయారుచేశాను. తొమ్మిది మందికి ఎనిమిది ఇంటిపేర్లు, తొమ్మిది ఊళ్ళు. వంశపారంపర్య సంబంధమేమీ లేదని నిర్ధారిస్తూ ముద్ర వేసి పంపాను. ఆ పట్టికలో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అంకె తప్పు లేదు. పట్టిక మొత్తం తప్పు. ఆడపిల్ల పెళ్ళయ్యి వెళ్ళగానే ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఆమె బిడ్డ ఇంకొక ఊరికి, ఇంకొక ఇంటిపేరులోకి వెళుతుంది. వంశమంటే తండ్రి, తాత, ముత్తాత అని పుట్టినప్పటి నుంచి విన్న నాకు, ఎనిమిది ఇంటిపేర్లు ఎనిమిది వంశాలుగానే కనబడ్డాయి.

"ఎనుక జూసిండ్రా సారూ?" అని మాత్రం అడిగారు మగ్దలేనమ్మగారు.

"వెనక గడులు లేవు గదా సిస్టర్," అన్నాను.

ఆ నివేదికతో ఆమె మనసులోని తక్కెడ రెండవ వైపుకు మొగ్గింది. బంధుత్వం లేదని లెక్కలే చెబుతున్నాయి. ఆ తొమ్మిది మందికీ సూదులు వేసిన చెయ్యి మాత్రం ఒక్కటే. ఈ సంగతి ఆమె నాతో చాలా ఏళ్ళ తర్వాత అన్నారు.

1986లో నేను చేసిన ఘనకార్యం ఇంకొకటి ఉంది. పాత కార్డులు చెదలు పడుతున్నాయని, ముందువైపు వివరాలు కొత్త రిజిస్టర్లలోకి ఎక్కించి, కార్డులన్నింటినీ పారవేయమని రాశాను. వెనక రాతలు ఎవరూ ఎక్కించలేదు. కార్డుల మూటలు పెరట్లోకి చేరాయి. వారం తిరిగేసరికి మాయమయ్యాయి. తగలబెట్టి ఉంటారనుకుని ఫైలు మూసేశాను.

ఇక 1988. హనుమండ్లు చెల్లెలి కూతురు రాజేశ్వరి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా అప్పుడే చేరిన అమ్మాయి, క్షయతో మా దగ్గరకు వచ్చింది. డాక్టరుగారు అలవాటుగా స్ట్రెప్టోమైసిన్ రాశారు. కార్డు మీద రాజేశ్వరి తల్లి పేరు, ఆ తల్లి తల్లిగారి ఊరు రాసుకోబోతూ, ఆ తల్లి హనుమండ్లు చెల్లెలని తెలిసి మగ్దలేనమ్మగారు ఆగిపోయారు. సిరంజి పళ్ళెంలో పెట్టి, నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళారు. నేను అక్కడే ఉన్నాను.

"గీ పిల్లకు సూది వద్దు సార్. మేనమామ చెవులు గిదే సూదితోటి పోయినయి. వేరే గోలీలు రాయుండ్రి."

మేనమామకు పోయింది మోతాదు తప్పడం వల్ల అని పుస్తకంలో ఉన్నది గదా అన్నారు డాక్టరుగారు. ఆ గదిలో ఆ మాట ఎవరి దస్తూరీయో ముగ్గురికీ తెలుసు. ఆజ్ఞ ధిక్కరిస్తే సస్పెండు చేయవలసి వస్తుందని కూడా అన్నారు. ఆమె మాట వెనక్కు తీసుకోలేదు.

"చేయుండ్రి సార్. నాది తప్పే అయినా గానియ్యుండ్రి. గని గీ పిల్ల ఫోన్లు మాట్లాడి బతుకుతది. వేరేటోళ్ళతోటి ఏయించినా నేను అడ్డం నిలవడ్త."

డాక్టరుగారు చాలాసేపు విసుక్కుని, చివరకు చీటీలో సూది పేరు కొట్టివేసి ఇథాంబ్యుటాల్ మాత్రలు రాశారు. రాజేశ్వరికి జబ్బు నయమైంది, చెవులు నిలిచాయి. ఈనాటికీ మంచిర్యాల నుంచి ట్రంకు కాల్ మాట్లాడేవారు ఆ అమ్మాయి గొంతు వినే ఉంటారు.

ఇంతవరకు రాసింది ఒక ఎత్తు. 1994లో జరిగింది మరొక ఎత్తు.

మా బావమరిది దయాకర్‌రావు కరీంనగర్‌లో జంతుశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాదులో ఒక పరిశోధనాలయానికి వెళ్ళివస్తుంటాడు. ఆ ఏడాది వాళ్ళ అబ్బాయి పుట్టువెంట్రుకలకు అందరం వేములవాడ వెళ్ళాం. కోడెదూడను గుడి చుట్టూ తిప్పే కోడె మొక్కు చెల్లించడానికి వరుసలో నిలబడ్డాం. కోడె పలుపు నా చేతిలో ఉంది. వరుస కదలడం లేదు, మా వాడి నోరు ఆగడం లేదు. ఏదో విదేశీ పత్రికలో కిందటేడు చదివిన సంగతి చెబుతున్నాడు.

"మన కణాలల్ల మైటోకాండ్రియా అని ఉంటయి బావా, తిన్నదాన్ని సత్తువ జేసేటియి. వాటికి సొంతంగ జరంత డీఎన్ఏ ఉంటది. గది తల్లి నుంచే వస్తది, తండ్రి నుంచి రాదు. అండ్ల ముప్పై ఏడు జీన్లు. పదమూడే ప్రోటీన్లు జేస్తయి. మిగిలిన ఇర్వై నాలుగు ప్రోటీన్ జెయ్యవు, ఆర్ఎన్ఏ అనే నకలు దగ్గర్నే ఆగిపోతయి."

"ప్రోటీన్ చేయకుంటే అవి ఎందుకురా?" అన్నాను, కార్యాలయ ధోరణిలో.

"అసలు పని వాటిదే. గా పదమూడు ప్రోటీన్లు తయారు గావాల్నంటే గీ ఇర్వై నాలుగు ఉండాలె. వీటిల రెండు పెద్దయి. ప్రోటీన్లు తయారయ్యే పీట గీ రెండిటితోటే అయితది. గివి ఎక్కువ గావాలె గదా, అందుకని వీటి తర్వాత నకలు దీసుడు ఇగ ఆపుమని చెప్పే ప్రోటీన్ ఒకటి డీఎన్ఏ మీద కూసుంటది. గట్ల మిగతావాటికన్న గీ రెండే ఎన్నో రెట్లు ఎక్కువ తయారైతయి. ఇప్పుడు సంగతి జూడు. క్రిములకు గూడ గసొంటి పీటే ఉంటది. స్ట్రెప్టోమైసిన్ పోయి గా పీటను వట్టుకుంటది, క్రిమి సస్తది. మన పీట జర వేరే తీరు, మనకేం గాదు. గని కొందరికి గీ రెండిట్ల చిన్న ఆర్ఎన్ఏల ఒక్క అక్షరం, డీఎన్ఏ లెక్కల పదిహేను వందల యాభై ఐదోది, మారి ఉంటది. గప్పుడు మన పీట గూడ క్రిమి పీట లెక్కనే అయితది. మందుకు ఫరక్ తెల్వది. సరైన మోతాదు ఇచ్చినా చెవులు పోతయి. తల్లికి ఉంటే పిల్లలందరికి ఉంటది; మొగోని నుంచి రాదు."

చెవులే ఎందుకు పోతాయని అడిగితే, "గది ఇంకా ఎవలకు తెల్వదు," అన్నాడు నిజాయితీగా.

నా చేతిలో పలుపు ఎప్పుడు జారిందో తెలియదు. కోడె తాపీగా జనంలోకి నడిచి వెళ్ళి కొబ్బరిచిప్పలు తింటోంది. వెనక నుంచి భక్తులు తిడుతున్నారు. మా ఆవిడ పిలుస్తోంది. నా చెవుల్లో మాత్రం లచ్చవ్వ గొంతు ఒక్కటే ఉంది: గీ సూది మా తల్లిగారింటికి పడదయ్యా. ఇరవై మూడేళ్ళ కిందట వరండాలో ఒక ముసలమ్మ చెప్పిన సంగతిని ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇప్పుడు కనుగొన్నాయి. దాన్ని నిరూపించగల కాగితాలు మా దగ్గర ఉండేవి. వాటిని పారవేయించినవాణ్ణి నేను.

మర్నాడు దయాకర్‌రావును వెంటబెట్టుకుని మగ్దలేనమ్మగారి ఇంటికి వెళ్ళి, కార్డుల సంగతి ఒప్పుకుని తల వంచుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి మంచం కిందినుంచి ఒక రేకు పెట్టె ఈడ్చుకొచ్చారు. తెరిస్తే కార్డులు. 1971 నుంచి 1986 వరకు, ఏడాదికొక కట్ట, చీర అంచులతో కట్టి ఉన్నాయి.

"మీరు పెరట్ల ఏసిన్నాడే నేను ఇంటికి తెచ్చుకున్న సారూ. పారేసినయే గదా అని అడగలే," అన్నారు.

నేను ఏడ్చానని దయాకర్‌రావు తర్వాత అందరికీ చెప్పాడు. నిజమే.

తొమ్మిది మంది కార్డుల వెనక రాతలు పట్టుకుని ఊరూరా అడుగుతూ ముగ్గురం చివరకు చెన్నూరు వైపు ఒక పల్లెకు చేరాం. ఆడపిల్లల పెళ్ళి సంబంధాలకు ఇబ్బంది రాకూడదని అక్కడివారు కోరినందువల్ల ఊరి పేరు రాయడం లేదు. అక్కడ తొంభై ఏళ్ళ వృద్ధురాలు ఒకరు అరుగు మీద కూర్చుని, ఏ ఆడపిల్లను ఏ ఊరికి ఇచ్చారో, ఆ పిల్ల బిడ్డ మళ్ళీ ఎక్కడికి వెళ్ళిందో, ఐదు తరాల వరుస ఒక్క పూటలో చెప్పింది. నా నోటు పుస్తకం చూసి నవ్వింది కూడా. "మొగోళ్ళ పేర్లు పట్వారి రాసుకుంటడు బిడ్డా. ఆడివిల్లల పేర్లు మేం యాది పెట్టుకుంటం." తొమ్మిది మందిలో ఏడుగురి తల్లుల వరుస వెళ్ళి ఎల్లవ్వ అనే ఒక్క స్త్రీ దగ్గర ఆగింది. ఆరు ఇంటిపేర్లు, ఏడు ఊళ్ళు, ఒక్క తల్లి. మిగిలిన ఇద్దరి సంగతి నేటికీ తేలలేదు. లెక్కలవాణ్ణి కనుక అది కూడా రాస్తున్నాను.

ఆ తల్లి వరుసలో పన్నెండు మంది రక్తపు నమూనాలు, పోల్చి చూడటానికి హనుమండ్లు కొడుకులు ఇద్దరివి, మంచు పెట్టిన ఫ్లాస్కులో హైదరాబాదుకు రైల్లో వెళ్ళాయి. ఆ నమూనాలన్నీ తీసింది మగ్దలేనమ్మగారే. ప్రతి ఒక్కరికీ సీసా మీది పేరు చదివి వినిపించి, తిరిగి చెప్పించారు. ఈసారి ఎవరమూ జపం అనలేదు.

1996 ఫిబ్రవరి ఇరవై రెండవ తేదీ మధ్యాహ్నం దయాకర్‌రావు పరిశోధనాలయం ఫలితాల ఉత్తరంతో స్వయంగా వచ్చాడు. సిబ్బంది అంతా మందుల గదిలో చేరాం. ఎల్లవ్వ వరుసలోని పన్నెండు మందికి పన్నెండు మందిలోనూ అదే ఆర్ఎన్ఏలో అదే అక్షరం మారి ఉంది. హనుమండ్లుకు ఉంది, అతని చెల్లెలికి ఉంది, రాజేశ్వరికి ఉంది. హనుమండ్లు కొడుకులకు లేదు. ఆనాడు సూది పడి ఉంటే రాజేశ్వరి చెవులూ పోయేవి. మేమందరం సంతోషంతో ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతుంటే, మగ్దలేనమ్మగారు మాత్రం దయాకర్‌రావునే చూస్తూ నిలబడ్డారు.

"అయితే నేను ముప్పావే ఇచ్చిన్నా సారూ?"

మా వాడు తల దించుకున్నాడు. "ముప్పావు ఇచ్చినా చెవులు పోయేటియే సిస్టర్. చెయ్యి తప్పాల్సిన అక్కెర లేదు. గని గానాడు ఎంత ఇచ్చిండ్రో ఆర్ఎన్ఏ చెప్పలేదు గదా."

శాస్త్రం అంతవరకే రాగలిగింది. మిగిలిన దూరం నడిచింది హనుమండ్లు. ఫలితం చెప్పడానికి అతణ్ణి కూడా పిలిపించాం. స్టేషను తోటలోని బంతిపూలు కాగితంలో చుట్టుకుని వచ్చాడు. ఇరవై ఐదేళ్ళుగా ఏటా అతను పూలు తెస్తూనే ఉన్నాడు, ఆమె అతని కళ్ళలోకి చూడకుండానే అందుకుంటూ ఉన్నారు. రైల్వేలో నేర్చిన చదువు అతనికి ఉంది. పలక మీద విషయమంతా రాసి చూపించాం. చివరన మగ్దలేనమ్మగారు సుద్ద తీసుకుని, సూది ఎక్కువ ఇచ్చానని అప్పట్లో విచారణ జరిగిందని, తనకు హెచ్చరిక వచ్చిందని, తన చెయ్యి తప్పి ఉంటే క్షమించమని రాశారు.

అతను రెండుసార్లు చదివాడు. అతనికి ఆ విచారణ సంగతి ఇంట్లో కూడా ఎవరూ చెప్పలేదు.

"ఎవలన్నరు నీ చెయ్యి తప్పిందని?" అని గది అదిరేలా అన్నాడు. "నేను పాయింట్స్‌మన్ను సిస్టరమ్మా. గీతలు జూసుడే నా పని. సూదంటె నాకు భయం, అందుకే దినాం సిరంజి మీది గీతనే జూసెటోన్ని. పద్దెనిమిది దినాలు జూసిన. ఒక్కనాడు గూడ గీత దాటలే. నన్ను ఎవలన్న అడిగిండ్రా?"

ఎవరూ అడగలేదు. చెవిటివాణ్ణి ఏమి అడుగుతామని సాక్షుల జాబితాలో అతని పేరు రాయనివాణ్ణి నేను. ఒక పలక, ఒక సుద్దముక్క ఉంటే 1971లోనే తేలిపోయేది. మగ్దలేనమ్మగారు కుర్చీలో కూర్చుండిపోయి, తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, పాతికేళ్ళ ఏడుపు ఏడ్చారు. హనుమండ్లు పూలు ఆమె ఒళ్ళో పెట్టి, ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాక మా అందరి ముఖాలు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఉత్తరం ఆధారంగా ఆ ఏడాదే ఆమెకు హెడ్ నర్సు హోదా వచ్చింది. కొత్త కార్డుల వెనకవైపు ఇప్పుడు రెండు గడులు అచ్చయి ఉన్నాయి: తల్లి పేరు, తల్లిగారి ఊరు. ఎల్లవ్వ వరుసలోని ప్రతి ఆడపడుచు ఇంటికీ మగ్దలేనమ్మగారు సెలవు దినాల్లో స్వయంగా వెళ్ళి, ఈ సూది వేయించుకోవద్దని రాసిన చీటీ ఇచ్చి వస్తున్నారు. ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలాయట. విశ్రాంత జీవితానికి అదే మొదటి పని అంటున్నారు.

పదవీ విరమణ పత్రాల కోసం గత వారం ఆమె సర్వీసు పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. ఎర్ర సిరా వాక్యాలు రెండూ అలాగే ఉన్నాయి. సర్వీసు పుస్తకంలో ఉన్నదాన్ని కొట్టివేయడానికి వీలు లేదు. కింద చేర్చడానికి వీలుంది. ప్రస్తుత పర్యవేక్షకులు డాక్టర్ ప్రేమ్‌సాగర్‌రావుగారి అనుమతితో, వారి సంతకంతో, నల్ల సిరాతో ఇలా రాశాను: "పై నమోదు తప్పు. ప్రత్యక్ష సాక్షి హనుమండ్లు వాంగ్మూలం ప్రకారం మోతాదు సరిగానే ఇవ్వబడినది. విచారణలో ఇతనిని ప్రశ్నించకపోవుట, ఇతని తల్లి లచ్చవ్వ మాట నమోదు చేయకపోవుట ఈ కార్యాలయపు అజాగ్రత్త. హెచ్చరిక ఈ కార్యాలయమునకే చెందును." తర్వాత పాత హాజరు పట్టీ బయటకు తీసి, 1969 జూలై పద్నాలుగు నాటి గీత కింద, బస్సులు లేనందున లారీలో వచ్చిరి, ఆలస్యము లేదు, అని కూడా రాశాను. దానికి అనుమతి ఎవరినీ అడగలేదు.

సిస్టర్, మీరు ఎన్నడో అడిగిన ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది. మా అమ్మ చిన్నమ్మ ఒకామె బతికే ఉంది. ఆమెను అడిగి తెలుసుకున్నాను. మా అమ్మమ్మ తల్లిగారి ఊరు హన్మాజిపేట. నా కార్డు వెనక రాసుకోండి.

మీ చేతులకు ఏ జబ్బూ రాకూడదని, కళ్ళకు చిన్న అక్షరాలు ఎప్పటికీ కనబడాలని, మిగిలిన పదకొండు ఇళ్ళకూ నడిచే ఓపిక మీ కాళ్ళకు ఉండాలని, ఆ ఇళ్ళ ఆడబిడ్డల మనుమరాళ్ళ పెళ్ళిళ్ళలో మీరు అక్షతలు వేసేటంత దీర్ఘమైన ఆయుస్సు దేవుడు మీకు ఇవ్వాలని, మా చికిత్సాలయ సిబ్బంది అందరి తరఫున కోరుకుంటున్నాను. ఈ సాయంత్రం సభలో హనుమండ్లు మొదటి వరుసలో ఉంటాడు. మేము మాట్లాడేది ఏదీ అతనికి వినబడదు. అందుకని నా ప్రసంగం మొత్తం పలక మీద రాసి అతని చేతికి ఇచ్చిన తర్వాతే వేదిక ఎక్కుతాను.

కిషన్‌రావు
గణాంక సహాయకుడు